కొలతలో భాగం ఎంత, ఫిక్స్చర్ ఎంత: వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్‌లో డీ-ఎంబెడింగ్

ఒక భాగంలోకి సంకేతం పంపి, ఎంత తిరిగి వచ్చిందో, ఎంత దాటి వెళ్ళిందో కొలిచే పరికరం వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్. దానిని శ్రద్ధగా క్యాలిబ్రేట్ చేస్తే, అంటే లక్షణాలు తెలిసిన ప్రమాణాలతో సరిచేస్తే, కేబుల్ చివరి కనెక్టర్ వరకు ఉన్న లోపాలన్నీ లెక్కలోకి వచ్చి తొలగిపోతాయి. ఆ కనెక్టర్ ముఖాన్నే రిఫరెన్స్ ప్లేన్ అంటాము. కొలత ఆ ప్లేన్ దగ్గర మొదలవుతుంది. దానికి అవతల ఉన్న ప్రతి వస్తువూ ఎనలైజర్ దృష్టిలో కొలవవలసిన వస్తువే. చిక్కంతా ఇక్కడే ఉంది. మనకు కావలసిన ఫిల్టర్ చిప్, కెపాసిటర్ లేదా ట్రాన్సిస్టర్ కోయాక్సియల్ కనెక్టర్‌తో పుట్టదు. దానిని ఒక సర్క్యూట్ బోర్డు మీద సోల్డర్ చేయాలి, బోర్డు అంచున ఎస్‌ఎంఏ అనే చిన్న కోయాక్సియల్ కనెక్టర్ అమర్చాలి, రెండింటి మధ్య రాగి ట్రాక్ నడపాలి. ఆ కనెక్టర్, ట్రాక్, వయా (బోర్డు పొరలను కలిపే లోహపు రంధ్రం), ప్యాడ్ అన్నీ కలిపి ఫిక్స్చర్ అవుతాయి. తెర మీద కనిపించే గీత ఫిక్స్చర్‌కూ పరీక్షాభాగానికీ ఉమ్మడిగా చెందినది. ఆ ఉమ్మడి కొలత నుంచి భాగాన్ని వేరు చేయడమే డీ-ఎంబెడింగ్. దానికి పద్ధతులు అనేకం ఉన్నాయి. వాటి మధ్య అసలు తేడా గణితంలో కన్నా, ఫిక్స్చర్ గురించి ఏది మనకు ముందే తెలుసునని ఆ పద్ధతి అనుకుంటున్నదో అందులో ఉందని నా అభిప్రాయం. ఈ వ్యాసం ఆ కోణం నుంచే సాగుతుంది.

ఫిక్స్చర్ కొలతను ఎంతగా మార్చగలదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. సాధారణ ఎఫ్‌ఆర్-4 (గాజుదారాలు, రెజిన్ కలిపిన) బోర్డు మీద మైక్రోస్ట్రిప్ ట్రాక్‌లో, అంటే గ్రౌండ్ పొర పైన నడిచే ట్రాక్‌లో, సంకేతం ఒక మిల్లీమీటరు దాటడానికి సుమారు 6 పికోసెకండ్లు తీసుకుంటుంది. 20 మిల్లీమీటర్ల ట్రాక్ అంటే 120 పికోసెకండ్ల ఆలస్యం. 2.45 గిగాహెర్ట్జ్ వద్ద అది ఒక దిశలో 106 డిగ్రీల ఫేజ్. పరావర్తన కొలతలో సంకేతం వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి 212 డిగ్రీలు. ఆ ట్రాక్ చివర ఏమీ కలపకుండా ఖాళీగా వదిలివేస్తే, కనెక్టర్ దగ్గర నిలబడి చూసే ఎనలైజర్‌కు అది ఓపెన్ సర్క్యూట్‌గా కనిపించదు. సుమారు 14 ఓమ్‌ల ప్రేరక రియాక్టెన్స్‌గా, అంటే 0.9 నానోహెన్రీల ఇండక్టర్‌గా కనిపిస్తుంది. అక్కడ లేని ఇండక్టర్‌ను చూసి యాంటెన్నా మ్యాచింగ్ సర్క్యూట్ రూపొందిస్తే, ఆ డిజైన్ ఎవరికీ ఉపయోగపడదు.

ఆలస్యంతో పాటు ఫిక్స్చర్ ఇంకా రెండు పనులు చేస్తుంది. మొదటిది నష్టం. ట్రాక్ ఒక దిశలో 1 డెసిబెల్ నష్టపరిస్తే పరావర్తనంలో ఆ నష్టం రెండు సార్లు పడుతుంది. పరావర్తనం ఎంత బలహీనమో చెప్పే కొలత రిటర్న్ లాస్; అంకె పెద్దదైన కొద్దీ పరావర్తనం తక్కువ. 10 డెసిబెల్‌ల రిటర్న్ లాస్ ఉన్న భాగం 12 డెసిబెల్‌లు ఉన్నట్లు, ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ఫిక్స్చర్ నష్టం చెడ్డ భాగాన్ని మంచి భాగంలా చూపిస్తుందన్న ఈ సంగతి చాలా నివేదికల్లో గమనింపుకు రాకుండా పోతుంది. రెండవది పొసగని ఇంపీడెన్స్ (సంకేతానికి లైన్ చూపే అవరోధం). కనెక్టర్ బోర్డుతో కలిసే చోట 20 డెసిబెల్‌ల పరావర్తనం, భాగం దగ్గర మరో 20 డెసిబెల్‌ల పరావర్తనం ఉన్నాయనుకుందాం. ఈ రెండు తరంగాలు కొన్ని పౌనఃపున్యాల వద్ద కలిసి 14 డెసిబెల్‌ల వరకు పెరుగుతాయి, మరికొన్నిచోట్ల ఒకదానినొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. తెర మీద అలలుగా కనిపించే రిపుల్ అదే. దాని వెడల్పు ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది: పైన చెప్పిన 120 పికోసెకండ్లకు దాదాపు 4.2 గిగాహెర్ట్జ్‌కు ఒక అల. ట్రాక్ పొడవైన కొద్దీ అలలు దగ్గరవుతాయి.

ఈ మూడవ ప్రభావం వల్లనే ఫిక్స్చర్ సవరణ, పాత్రతో కలిపి తూచి పాత్ర బరువు తీసివేసినంత తేలిక కాదు. ఖాళీ ఫిక్స్చర్ ఎంత నష్టం చూపిందో చూసి, ఆ డెసిబెల్‌లను మొత్తం నుంచి తీసివేయడం చాలామంది చేసే పని. ఫిక్స్చర్‌లోనూ భాగంలోనూ పరావర్తనాలు చాలా తక్కువగా ఉన్నప్పుడు దానితో దరిదాపు విలువ దొరుకుతుంది. పరావర్తనాలు ఉంటే మాత్రం ఫిక్స్చర్, భాగం ఒకదానితో ఒకటి సంకేతాలను అటూ ఇటూ విసురుకుంటాయి. ఆ పరస్పర చర్య ఖాళీ ఫిక్స్చర్‌లో లేనే లేదు కాబట్టి తీసివేతతో అది పోదు.

సవరణల్లో అన్నింటికన్నా తేలికైనది పోర్ట్ ఎక్స్‌టెన్షన్. ఇంత ఆలస్యం ఉన్నదని చెబితే ఎనలైజర్ రిఫరెన్స్ ప్లేన్‌ను అంత మేర ముందుకు జరుపుతుంది. చాలా ఎనలైజర్లు పౌనఃపున్యంతో పెరిగే నష్టాన్ని కూడా ఒకటి రెండు బిందువుల ఆధారంగా అంచనా వేసి సరిచేస్తాయి. ఈ పద్ధతి దృష్టిలో ఫిక్స్చర్ ఖచ్చితంగా 50 ఓమ్‌లు ఉన్న, ఎక్కడా పరావర్తనం లేని లైన్. కనెక్టర్ దగ్గరి పరావర్తనాన్ని అది ముట్టుకోదు, రిపుల్ అలాగే మిగిలిపోతుంది. కొన్ని గిగాహెర్ట్జ్‌ల లోపల, చిన్న ట్రాక్ మీద, యాంటెన్నా మ్యాచింగ్ వంటి పనికి ఇది చాలు. అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు.

ఆలస్యం ఎంతో తెలుసుకోవడానికి సాధారణంగా భాగాన్ని తీసివేసి, ట్రాక్ చివరను ఓపెన్‌గా గానీ షార్ట్‌గా గానీ ఉంచి, స్మిత్ చార్ట్ (పరావర్తనాన్ని వృత్తంలో చూపే పటం) మీద గీత ఒక బిందువు దగ్గర ముడుచుకునే వరకు ఎక్స్‌టెన్షన్ పెంచుతారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఓపెన్ అనుకున్న చోట ప్యాడ్ అంచున కొంత కెపాసిటెన్స్ ఉంటుంది. షార్ట్ అనుకున్న చోట వయాకు ఇండక్టెన్స్ ఉంటుంది. 0.5 నానోహెన్రీల వయా 2.45 గిగాహెర్ట్జ్ వద్ద దాదాపు 8 ఓమ్‌లు, పరావర్తన ఫేజ్‌లో 17 డిగ్రీలకు పైగా తేడా. ఎనలైజర్ దానిని అదనపు పొడవుగా భావించి ప్లేన్‌ను భాగం లోపలికి నెట్టివేస్తుంది. అందుకే షార్ట్ కోసం ట్రాక్ చివరను వెడల్పైన రాగి రేకుతో రెండు పక్కలా గ్రౌండ్‌కు కలపడం ఒంటరి వయా కన్నా మేలు. ఓపెన్, షార్ట్ రెండింటితోనూ కొలిచి, వచ్చిన రెండు ఆలస్యాలను పోల్చి చూడటం ఇంకా మంచిది. ప్లేన్ మితిమీరి ముందుకు పోయిందా అన్నది స్మిత్ చార్టే చెబుతుంది. నిష్క్రియ (సొంతంగా శక్తినివ్వని) భాగాల గీత పౌనఃపున్యం పెరిగే కొద్దీ సవ్యదిశలో తిరగాలి. సవరణ తరువాత అది అపసవ్య దిశలో తిరగడం మొదలుపెడితే, ఉన్నదానికన్నా ఎక్కువ పొడవును తీసివేశామని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

పరావర్తనాలను కూడా తొలగించాలంటే పూర్తి డీ-ఎంబెడింగ్ కావాలి. దాని గణితం తేలికగానే అర్థమవుతుంది. ఎనలైజర్ ఇచ్చే ఎస్-పారామీటర్లను (ఏ పోర్ట్ నుంచి ఎంత పరావర్తనమైంది, ఎంత దాటిపోయింది అన్న అంకెలను) వరుసగా కలిపిన నెట్‌వర్క్‌ల కోసం నేరుగా గుణించడం కుదరదు. వాటిని ముందు వరుస గుణకారానికి అనువైన టి-పారామీటర్లుగా మార్చాలి. అప్పుడు మొత్తం కొలత మూడు మాత్రికల లబ్ధం అవుతుంది: ఎడమ ఫిక్స్చర్, భాగం, కుడి ఫిక్స్చర్. ఎడమ వైపున ఎడమ ఫిక్స్చర్ విలోమ మాత్రికతోను, కుడి వైపున కుడి ఫిక్స్చర్ విలోమ మాత్రికతోను గుణిస్తే మధ్యలో భాగం ఒక్కటే మిగులుతుంది. మాత్రికల గుణకారంలో క్రమం మారకూడదు, కాబట్టి ఫిక్స్చర్ ఫైలు ఏ వైపు ముఖం పెట్టి ఉన్నదన్నది ముఖ్యం. కుడి ఫిక్స్చర్ ఫైలులో మొదటి పోర్ట్ భాగం వైపు ఉండాలా ఎనలైజర్ వైపు ఉండాలా అన్న విషయంలో సాఫ్ట్‌వేర్‌లన్నీ ఒకే పద్ధతి పాటించవు. రెండు చివరలూ ఒకేలా ఉన్న ఫిక్స్చర్‌లో ఈ తప్పు కనిపించదు. కనెక్టర్ ఒక చివర, చిప్ ప్యాడ్ ఇంకో చివర ఉన్న నిజమైన ఫిక్స్చర్‌లో మాత్రం ఫలితం మొత్తం పాడవుతుంది.

గణితం కుదిరింది కానీ ఫిక్స్చర్ మాత్రికలు ఎక్కడి నుంచి వస్తాయి? కష్టమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఫిక్స్చర్‌కు ఒక చివర మాత్రమే కోయాక్సియల్ కనెక్టర్ ఉంటుంది. రెండవ చివర బోర్డు మీద ప్యాడ్, అక్కడ ఎనలైజర్‌ను తగిలించలేము. విద్యుదయస్కాంత సిమ్యులేషన్‌తో మాత్రిక పొందడం ఒక దారి. కానీ సిమ్యులేషన్‌కు తెలిసిన బోర్డు, తయారై వచ్చిన బోర్డు ఒకటి కావు. డైఎలక్ట్రిక్ స్థిరాంకం, రాగి గరుకుదనం, ట్రాక్ చెక్కిన తరువాత మిగిలిన వెడల్పు అన్నీ కొంత మారతాయి. కొలతలతో సరిచూడని సిమ్యులేషన్‌ను డీ-ఎంబెడింగ్‌కు వాడటం అంటే సిమ్యులేషన్ తప్పును భాగం ఖాతాలో రాయడమే.

రెండవ దారి, భాగం కూర్చునే బోర్డు మీదనే క్యాలిబ్రేషన్ ప్రమాణాలను నిర్మించుకోవడం. ఇందులో ప్రసిద్ధమైనది టీఆర్‌ఎల్, అంటే త్రూ (రెండు వైపులను నేరుగా కలపడం), రిఫ్లెక్ట్ (సంకేతాన్ని వెనక్కి పంపే చివర), లైన్ (త్రూ కన్నా పొడవైన ట్రాక్). అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన గ్లెన్ ఎంగెన్, క్లెటస్ హోయర్ 1979లో దీనిని ప్రచురించారు. దీని గొప్పదనం అది మన నుంచి ఎంత తక్కువ అడుగుతుందన్న దానిలో ఉంది. సాధారణ ఎస్‌ఓఎల్‌టీ (షార్ట్, ఓపెన్, లోడ్, త్రూ) పద్ధతికి షార్ట్, ఓపెన్, లోడ్ మూడింటి లక్షణాలూ ఖచ్చితంగా తెలియాలి. బోర్డు మీద మంచి 50 ఓమ్‌ల లోడ్ నిర్మించడం ఎంత కష్టమో ప్రయత్నించిన వారికి తెలుసు. టీఆర్‌ఎల్‌లో రిఫ్లెక్ట్ విలువ తెలియనవసరం లేదు. అది రెండు పోర్ట్‌ల వద్దా ఒకేలా ఉంటే చాలు, దాని ఫేజ్ ఓపెన్ వైపో షార్ట్ వైపో స్థూలంగా తెలిస్తే చాలు. లైన్ పొడవు కూడా ఉజ్జాయింపుగా తెలిస్తే సరిపోతుంది. దానిలో నష్టం ఎంతో, ఫేజ్ ఎంతో లెక్క నుంచే బయటపడతాయి.

అడిగేది తక్కువే కానీ, ఆ కొద్దిపాటిదీ కచ్చితంగా ఉండాలి. త్రూ కన్నా లైన్ ఎంత పొడవుగా ఉన్నదో ఆ అదనపు పొడవు ఫేజ్ 20 నుంచి 160 డిగ్రీల మధ్య ఉండాలి. 0 లేదా 180 దగ్గరికి వస్తే సమీకరణాలు ఒకదానికొకటి నకళ్ళవుతాయి, జవాబు నిలవదు. అంటే ఒక లైన్ 8 రెట్ల పౌనఃపున్య పరిధిని మాత్రమే కవర్ చేస్తుంది. పైన చెప్పిన బోర్డు మీద 1 నుంచి 8 గిగాహెర్ట్జ్‌లకు అదనపు పొడవు సుమారు 9 మిల్లీమీటర్లు. కింది హద్దు 100 మెగాహెర్ట్జ్ కావాలంటే 90 మిల్లీమీటర్లు దాటిన ఇంకో లైన్ కావాలి, లేదా ఆ పరిధి వరకు లైన్ బదులు లోడ్ వాడే పద్ధతికి మారాలి. అనేక లైన్‌లను కలిపి గణాంక పద్ధతిలో లెక్కించే మల్టీలైన్ టీఆర్‌ఎల్‌ను రోజర్ మార్క్స్ 1991లో ప్రతిపాదించారు; సూక్ష్మమైన కొలతలకు ఇప్పటికీ దానికి పెద్ద పేరుంది. మరొక షరతు మరుగున పడుతుంటుంది. టీఆర్‌ఎల్ ఫలితాల రిఫరెన్స్ ఇంపీడెన్స్ 50 ఓమ్‌లు కాదు, ఆ లైన్ అసలు ఇంపీడెన్స్ ఎంత ఉంటే అంత. ట్రాక్ 47 ఓమ్‌లుగా తయారైతే, ఖచ్చితంగా 47 ఓమ్‌ల భాగం సున్నా పరావర్తనం చూపుతుంది. 50 ఓమ్‌ల లెక్కలో దానికి సుమారు 30 డెసిబెల్‌ల రిటర్న్ లాస్ ఉండాలి. ఫలితాలను 50 ఓమ్‌లకు మార్చే ముందు లైన్ అసలు ఇంపీడెన్స్ కనుక్కోవడం తప్పదు.

హై-స్పీడ్ డిజిటల్ బోర్డుల రంగంలో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది రెండింతల త్రూ పద్ధతి. ఎడమ, కుడి ఫిక్స్చర్‌లను భాగం లేకుండా వెన్నుకు వెన్ను కలిపి ఒకే నిర్మాణంగా చేసి కొలుస్తారు, తరువాత గణితంతో దానిని మధ్యకు చీలుస్తారు. ఒకే ఒక్క అదనపు నిర్మాణం, రెండు చివరలా మామూలు కనెక్టర్లు. పని చాలా తగ్గుతుంది. అయితే చీల్చడంలో ఒక మెలిక ఉంది. రెండు సగాలు ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబాలనుకుంటే, ఒక్కో సగానికి తెలియని రాశులు మూడు: కనెక్టర్ వైపు పరావర్తనం, ప్రసారం, భాగం వైపు పరావర్తనం. సౌష్ఠవం ఉన్న నిర్మాణం కొలత ఇచ్చేది రెండే స్వతంత్ర రాశులు. మూడవ సమీకరణం కాలం నుంచి వస్తుంది. కొలతను కాలపరిధిలోకి, అంటే పౌనఃపున్యం బదులు కాలం వారీగా చూసే రూపంలోకి మార్చితే, పరావర్తనంలో ముందుగా వచ్చే స్పందన మొదటి సగానిది, తరువాతది రెండవ సగానిది. మధ్య బిందువు దగ్గర కోసివేస్తే కనెక్టర్ వైపు పరావర్తనం విడిగా దొరుకుతుంది, మిగిలిన రెండూ దాని నుంచి తేలుతాయి.

కాలంలో కోయడమే ఈ పద్ధతి బలం, దాని బలహీనత కూడా. కోత సూటిగా పడాలంటే కాలపరిధిలో స్పష్టత ఉండాలి, స్పష్టతకు విశాలమైన పౌనఃపున్య పరిధి కావాలి. 3 గిగాహెర్ట్జ్‌ల పరిధిలో కొలిస్తే కాలపు స్పష్టత సుమారు 330 పికోసెకండ్లు. వెళ్ళి వచ్చే దూరం లెక్కన బోర్డు మీద 28 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉన్న రెండు పరావర్తనాలు విడివడవు. కాబట్టి పొట్టి ఫిక్స్చర్, తక్కువ పౌనఃపున్యం కలిసిన చోట ఈ పద్ధతి తగదు. అక్కడ టీఆర్‌ఎల్ గానీ, వినయంగా పోర్ట్ ఎక్స్‌టెన్షన్ గానీ నయం. కొలత బిందువులు సమాన దూరంలో, మొదటి బిందువు అడుగు విలువకు సమానంగా ఉండాలి, ఉదాహరణకు 10 మెగాహెర్ట్జ్ నుంచి 10 మెగాహెర్ట్జ్ చొప్పున. సున్నా పౌనఃపున్యం విలువను ఎనలైజర్ కొలవలేదు కాబట్టి దానిని కింది బిందువుల నుంచి ఊహించాలి, ఆ ఊహ తప్పితే కాలపరిధి గీత మొత్తం వాలిపోతుంది.

ఈ పద్ధతులకు ఒక క్రమశిక్షణ తెచ్చినది ఐఈఈఈ (విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల సంస్థ) వారి 370-2020 ప్రమాణం. 50 గిగాహెర్ట్జ్‌ల వరకు సర్క్యూట్ బోర్డుల కొలతలకు ఉద్దేశించిన ఈ ప్రమాణం మూడు విషయాలను ముడివేసింది: ఫిక్స్చర్ ఎంత బాగుండాలి, డీ-ఎంబెడింగ్ సరిగ్గా జరిగిందని ఎలా నిరూపించాలి, వచ్చిన ఎస్-పారామీటర్ల నాణ్యతను ఎలా తూచాలి. దానితో పాటు డీ-ఎంబెడింగ్ ప్రోగ్రాములు కూడా అందరికీ తెరిచి పెట్టారు; స్కికిట్-ఆర్ఎఫ్ అనే పైథాన్ లైబ్రరీలోనూ అవి ఉన్నాయి. సవరణకు ముందు ఫిక్స్చర్‌కే పరీక్ష పెట్టాలన్న ఆ ప్రమాణం దృష్టి నాకు అన్నింటికన్నా విలువైనదిగా తోస్తుంది. ఎందుకంటే రెండింతల త్రూ ఒక చోట, భాగం కూర్చున్న ఫిక్స్చర్ మరో చోట ఉంటాయి. ఒకే బోర్డు మీద ఉన్నా వాటి ట్రాక్‌లు ఒకేలా ఉండవు: గాజుదారాల అల్లికలో ఒకటి దారం మీద, ఇంకొకటి రెజిన్ మీద పడవచ్చు, కనెక్టర్ సోల్డర్ కాస్త ఎక్కువ తక్కువ కావచ్చు. రెండింతల త్రూ పద్ధతిలో ఇంపీడెన్స్ సవరణతో కూడిన రకం, భాగంతో సహా కొలిచిన ఫిక్స్చర్ కాలపరిధి గీతను చూసి, రెండింతల త్రూ నుంచి వచ్చిన నమూనాను దానికి తగినట్లు దిద్దుతుంది. అది ఎంతో మేలు చేస్తుంది, కానీ కనెక్టర్లు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటే దానికీ హద్దు ఉంటుంది.

ఆ హద్దు ఎక్కడో అంకెలతో చూడవచ్చు. భాగం రిటర్న్ లాస్ నిజానికి 30 డెసిబెల్‌లు అనుకుందాం. కనెక్టర్ దగ్గర సవరణలో మిగిలిపోయిన తేడా 35 డెసిబెల్‌లు, ట్రాక్ నష్టం ఒక దిశలో 1 డెసిబెల్. నష్టాన్ని సరిచేసేటప్పుడు భాగం సంకేతంతో పాటు ఆ మిగిలిన తప్పు కూడా 2 డెసిబెల్‌లు పెరిగి 33 అవుతుంది. ఇక ఫలితం ఫేజ్‌ను బట్టి 25 నుంచి 41 డెసిబెల్‌ల మధ్య ఎక్కడైనా పడవచ్చు. గణితం ఏమాత్రం తప్పలేదు, అయినా కొలతకు అర్థం లేకుండా పోయింది. నష్టం ఎక్కువగా ఉన్న ఫిక్స్చర్ విలోమ మాత్రిక శబ్దాన్నీ తప్పునూ భూతద్దంలో చూపినట్లు పెంచుతుంది. ఫిక్స్చర్ ఏదైనా పౌనఃపున్యం వద్ద అనునాదంలో పడి ప్రసారం లోతుగా పడిపోతే, అక్కడ చాలా చిన్న సంఖ్యతో భాగించవలసి వస్తుంది. ఆ చోట సవరించిన గీతలో పదునైన ముల్లు కనిపిస్తుంది, దానిని భాగం లక్షణంగా చదవకూడదు.

ఇంకా ఒక అంచనా ఈ పద్ధతులన్నింటికీ ఉమ్మడిగా ఉంది: సంకేతం ఎడమ ఫిక్స్చర్ నుంచి భాగం గుండా మాత్రమే కుడి ఫిక్స్చర్‌కు చేరుతుందని. 60 డెసిబెల్‌లు అణచివేసే ఫిల్టర్‌ను కొలిచేటప్పుడు, రెండు ట్రాక్‌ల మధ్య గాలిలోంచి గానీ గ్రౌండ్ గుండా గానీ 55 డెసిబెల్‌ల స్థాయిలో లీకేజీ ఉంటే, వరుస మాత్రికల నమూనాలో దానికి చోటే లేదు. దానిని ఏ డీ-ఎంబెడింగూ తీసివేయదు. ట్రాక్‌లను ఎదురెదురు దిశల్లో నడపడం, మధ్య గ్రౌండ్ వయాలతో కంచె కట్టడం మాత్రమే దానికి విరుగుడు. సిలికాన్ పొర మీద ప్రోబ్‌లతో ట్రాన్సిస్టర్‌లను కొలిచేవారు మరో దారి పట్టారు. ప్యాడ్‌లు చాలా చిన్నవి కాబట్టి వాటిని లైన్‌గా కాక, సమాంతర కెపాసిటెన్స్, శ్రేణి ఇండక్టెన్స్‌లుగా భావించి, ఖాళీ ప్యాడ్‌ల ఓపెన్ నిర్మాణం అడ్మిటెన్స్‌ను ముందు తీసివేసి, షార్ట్ నిర్మాణం నుంచి వచ్చే ఇంపీడెన్స్‌ను తరువాత తీసివేస్తారు. ప్యాడ్‌లు తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చిన్నవిగా ఉన్నంత కాలం ఇది చక్కగా పనిచేస్తుంది.

ఇక ఫలితాన్ని నమ్మడం గురించి. సవరించిన తరువాత భాగం లోపలికి వెళ్ళిన శక్తి కన్నా బయటికి వచ్చిన శక్తి ఎక్కువగా కనిపిస్తే, నిష్క్రియ భాగానికి అది అసాధ్యం. ఎక్కువ నష్టాన్ని తీసివేశామన్న మాట. కాలపరిధిలో సున్నాకు ముందే స్పందన కనిపిస్తే ప్లేన్ దాటిపోయింది. ఎస్12, ఎస్21 (రెండు దిశల్లోని ప్రసారాలు) ఒకటిగా ఉండవలసిన భాగంలో అవి విడిపోతే ఫిక్స్చర్ ఫైలు గానీ క్యాలిబ్రేషన్ గానీ అనుమానించాలి. ఇవి తప్పును పట్టిస్తాయి కానీ ఒప్పును నిరూపించవు. నిరూపణకు, సవరణలో ఎక్కడా పాల్గొనని, ముందే తెలిసిన ఒక నిర్మాణం కావాలి. రెండింతల త్రూకు మధ్యలో అదనంగా కొంత ట్రాక్ చేర్చిన లైన్ అందుకు సరిగ్గా సరిపోతుంది. దానిని డీ-ఎంబెడ్ చేస్తే మిగలవలసినది ఆ చేర్చిన పొడవు మాత్రమే: పరావర్తనం చాలా తక్కువగా, ఆలస్యం ఆ పొడవుకు సరిపోయేలా, నష్టం పౌనఃపున్యంతో నునుపుగా పెరుగుతూ ఉండాలి. అక్కడ పరావర్తనం 25 డెసిబెల్‌ల దగ్గర ఆగిపోతే, ఈ ఫిక్స్చర్‌తో ఈ పౌనఃపున్యం వద్ద 25 డెసిబెల్‌ల కన్నా మెరుగైన రిటర్న్ లాస్‌ను నివేదించే హక్కు మనకు లేదు. ఆ లైన్ గీతను భాగం గీత పక్కనే, సవరించని ముడి కొలతలతో కలిపి భద్రపరిస్తే, చదివేవారు ఎక్కడి వరకు నమ్మవచ్చో వారే చూసుకోగలరు. రేపు మెరుగైన ఫిక్స్చర్ నమూనా దొరికితే, భాగాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టకుండానే లెక్కను తిరిగి చేయవచ్చు.